మరబొమ్మ సంతకం

ఆటోమేటన్ అంటే కీ ఇస్తే స్ప్రింగు బలంతో తనంతట తానే కదిలే మరబొమ్మ. 2007లో బ్రయన్ సెల్జ్‌నిక్ రాసి, బొమ్మలు కూడా తానే గీసిన ‘ది ఇన్వెన్షన్ ఆఫ్ హ్యూగో కాబ్రే’ అనే పిల్లల నవల అలాంటి బొమ్మ చుట్టూనే తిరుగుతుంది. 1931 నాటి పారిస్ రైల్వే స్టేషన్ గోడల వెనుక దాగి, గడియారాలకు కీ ఇస్తూ బతికే పన్నెండేళ్ల అనాథ హ్యూగో, దొంగిలించిన ఆటబొమ్మల విడిభాగాలతో దానిని బాగుచేస్తూ, అది రాయబోయే రాతలో చనిపోయిన తండ్రి కబురేదో ఉంటుందని ఆశపడతాడు. మంత్రం ఒక్కటీ లేకపోయినా ఇది అద్భుత కథలాగే చదివిస్తుంది.

సెల్జ్‌నిక్‌కు ప్రేరణ ఇచ్చిన బొమ్మ నిజంగానే ఉంది. హెన్రీ మైయార్దె 1800 ప్రాంతంలో చేసిన ఆ యంత్రం 1928లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌కు పాడైన స్థితిలో చేరింది; ఇచ్చిన కుటుంబమేమో దానిని మరొకరి పనితనమని నమ్ముతూ వచ్చింది. కామ్‌లు, అంటే అంచులను ఎగుడుదిగుడుగా కోసిన ఇత్తడి చక్రాలు, తిరుగుతూ దాని చేతిని నడుపుతాయి; గీత ఎక్కడ వంగాలో ఆ అంచులకే జ్ఞాపకం. బాగుచేసి కీ ఇచ్చాక అది బొమ్మలు గీసి, పద్యాలు రాసి, చివరి పద్యం అంచున తనను చేసినవాడి పేరును ఫ్రెంచిలో రాసింది. అందరూ మరిచిన ఆ పేరు అంతకాలమూ ఇత్తడి అంచుల్లోనే, ఎవరో వచ్చి కీ తిప్పేదాకా, కదలక మెదలక ఉండిపోయింది.