కంపెనీ లెన్సా... బయటి లెన్సా?

కెమెరా కొనడానికి వారం చాలు. లెన్సు కొనాలంటే మాత్రం నెలలు గడిచిపోతాయి. కెమెరా కంపెనీవాళ్లదే తీసుకుందామంటే అప్పు చేయాలి. వేరే కంపెనీది తీసుకుంటే సగం డబ్బు మిగులుతుంది... దాంతోపాటే గుబులూ మిగులుతుంది. సరదాకి ఫొటోలు తీసుకునే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే చిక్కే ఇది!

అమీర్‌పేట నుంచి పంజగుట్టకు మెట్రోలో ఒక్కటే స్టేషను. ఆ కాస్త దూరంలోనే హైదరాబాదు మధ్యతరగతి ఇళ్లలోని పెద్ద నిర్ణయాలు సగం జరిగిపోతుంటాయి. ఏ కోర్సులో చేరాలన్నది మైత్రీవనం దగ్గర తేలుతుంది. పెళ్లికి నగలెక్కడ కొనాలన్నది పంజగుట్ట వైపు తేలుతుంది. మధ్యలో టీవీలు, ఫ్రిజ్‌లు, పట్టుచీరలు... ఇవన్నీ అయ్యాక, ఇంట్లో ఓ కుర్రాడికో అమ్మాయికో ఫొటోల పిచ్చి ఉంటే మరో పేచీ మొదలవుతుంది.

‘మొన్ననే కదా కెమెరా కొన్నావు... మళ్లీ లెన్సేమిటి?’

అడిగిన అమ్మ తప్పేం లేదు. సెల్‌ఫోనే కెమెరా అయిపోయిన రోజుల్లో భుజాన సంచీ వేసుకుని తిరిగేవాళ్లను చూస్తే ఎవరికైనా వింతే. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే చిన్న లెన్సు పగటి వెలుగులో బాగానే పనిచేస్తుంది. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పాప పరిగెడుతుంటే మాత్రం బొమ్మ అలుక్కుపోతుంది. చెరువులో కొంగ చుక్కంత కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది కొత్త లెన్సు వేట. షాపులో రెండు పెట్టెలు ముందు పెడతారు. ఒకదాని మీద కెమెరా పేరే ఉంటుంది. రెండోదాని మీద సిగ్మా అనో టామ్రాన్‌ అనో టోకినా అనో ఉంటుంది. ధర చూస్తే ఇదే మేలనిపిస్తుంది, పేరు చూస్తే అదే మేలనిపిస్తుంది.

వృత్తిగా తీసేవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు. నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుంటే లెన్సు డబ్బులు తిరిగొస్తాయి. వాళ్లకది పెట్టుబడి. సరదాకి తీసేవాళ్లకు అది ఖర్చే. రూపాయి తిరిగి రాదు. పైగా ఆ డబ్బు ఇంట్లో మరెవరి అవసరాన్నో కాస్త పక్కకు జరిపితేనే చేతికొస్తుంది. అందుకే ఇంత మథనం.

పట్టా కాలేజీది... పని అమీర్‌పేటది!

అమీర్‌పేటను ఎరిగినవాళ్లకు ఈ తగువు కొత్తదేమీ కాదు. పేరున్న కాలేజీలో నాలుగేళ్లు చదివి పట్టా పుచ్చుకుని, ఆ తర్వాత మైత్రీవనం పక్క సందులో జావానో ఒరాకిలో నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు వేలమంది. పట్టా మీద అమీర్‌పేట పేరు ఉండదు. ఇంటర్వ్యూలో జవాబు చెప్పించింది మాత్రం అదే. బయటి కంపెనీ లెన్సూ అలాంటిదే. కెమెరా మీద దాని పేరుండదు, పని మాత్రం చేసి పెడుతుంది. అయితే అమీర్‌పేటలో ప్రతి బోర్డూ ఒక్కలాంటిది కాదన్నట్టే ఇక్కడా ప్రతి లెన్సూ ఒక్కలాంటిది కాదు. ఏది మంచిదో కనుక్కోవాలి... అంతే.

అసలు ‘ఒకే కంపెనీ కెమెరా, ఒకే కంపెనీ లెన్సు’ అన్న పట్టింపు మొదటినుంచీ ఉన్నది కాదు. ఆరో నిజాం మెచ్చి ‘రాజా’ బిరుదిచ్చిన లాలా దీన్‌దయాళ్‌ 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆ కాలంలో కెమెరా అంటే పెద్ద చెక్కపెట్టె. పెట్టె చేసేవాళ్లు ఒకరు, లండన్‌లోనో జర్మనీలోనో గాజు సానబట్టి లెన్సు చేసేవాళ్లు మరొకరు. రెండూ విడివిడిగా కొని బిగించుకోవడమే ఆనవాయితీ.

అంతకన్నా విచిత్రం మరొకటుంది. కెనాన్, నికాన్‌ అభిమానులు ఇవాళ ఉప్పూనిప్పులా వాదించుకుంటారు. కానీ 1936లో బజారులోకొచ్చిన కెనాన్‌ తొలి కెమెరాకు ఉన్నది నిక్కార్‌ లెన్సు. అంటే నికాన్‌ కంపెనీవాళ్లు చేసిచ్చినదే! అప్పటికి కెనాన్‌కు సొంతంగా లెన్సు చేసే సత్తా లేదు మరి.

బయటి కంపెనీలూ నిన్నమొన్నటివి కావు. టామ్రాన్‌ 1950లో మొదలైంది. సిగ్మా పుట్టింది 1961లో. ఇప్పటికీ జపాన్‌లోని ఐజు అనే ఊళ్లోనే తన లెన్సులు తయారు చేసుకుంటుంది. టామ్రాన్‌ అయితే ఇతర కంపెనీల పేరు మీద కూడా లెన్సులు చేసిపెడుతుంది. అంటే ‘అసలు’ పేరున్న పెట్టెలోనూ ‘బయటి’ పనితనం ఉండొచ్చన్నమాట.

తేడా గాజులో కాదు... మాటలో!

మరి ధరలో అంత తేడా ఎందుకు? గాజు నాసిరకమా అంటే చాలాసార్లు కాదు. 2012లో సిగ్మా ‘ఆర్ట్‌’ వరసలో 35 ఎంఎం ఎఫ్‌ 1.4 లెన్సు తెచ్చినప్పుడు పెద్ద కంపెనీల సరసన కూర్చోబెట్టి పోల్చారు. మరుసటి ఏడాది అదే కంపెనీ జూమ్‌ అంతటా ఎఫ్‌ 1.8 వెలుగునిచ్చే 18-35 ఎంఎం లెన్సు చేసింది. అప్పటికి అలాంటిది ఏ కెమెరా కంపెనీ దగ్గరా లేదు.

అసలు తేడా కెమెరా, లెన్సు మాట్లాడుకునే తీరులో ఉంటుంది. ఇప్పటి లెన్సు ఉత్త గాజు కాదు. లోపల చిన్న మోటారు, చిప్పు ఉంటాయి. ‘ఫలానా దూరానికి ఫోకస్‌ జరుపు’ అని కెమెరా చెబుతుంది. ‘సరే, జరిగాను’ అని లెన్సు బదులిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరగాలి. ఈ భాష కెమెరా కంపెనీ సొంతం. బయటివాళ్లకు నేర్పితే సరే. లేకపోతే వాళ్లు పక్కనుంచి విని నేర్చుకోవాల్సిందే. అలా నేర్చుకున్న భాషలో ఎప్పుడో ఒకసారి మాట తడబడుతుంది. ఫిల్ము రోజుల్లో చక్కగా పనిచేసిన కొన్ని బయటి లెన్సులు తర్వాతొచ్చిన డిజిటల్‌ కెమెరాలకు తగిలించగానే మొరాయించాయి.

2006లో నికాన్‌ డీ40 వచ్చినప్పుడు ఇంకో చిక్కు. ఖర్చు తగ్గించడానికి కెమెరాలో ఫోకస్‌ మోటారు తీసేశారు. మోటారు లేని లెన్సు... అది నికాన్‌దే అయినా సరే... చేత్తో తిప్పుకోవాల్సిందే. సెకండ్‌హ్యాండులో చవగ్గా దొరికిందని తెచ్చుకుని తలపట్టుకున్నవాళ్లు ఎందరో!

ఇప్పుడు మిర్రర్‌లెస్‌ కాలంలో ఒక్కో కంపెనీది ఒక్కో దారి. సోనీ 2011లోనే తన ఈ-మౌంటు ప్రాథమిక వివరాలను బయటివాళ్లకు ఇచ్చేసింది. అందుకే ఆ కెమెరాలకు బయటి లెన్సులు కొల్లలు. అలాగని అన్నీ ఇచ్చేయలేదు. క్షణానికి 20, 30 ఫొటోలు తీసే తన పెద్ద కెమెరాల్లో బయటి లెన్సు పెడితే 15 దగ్గర ఆపేసింది. నికాన్‌ జడ్‌-మౌంటుకు 2022 నుంచి టామ్రాన్‌ లెన్సులు అనుమతితోనే వస్తున్నాయి. 2018లో ఆర్‌ఎఫ్‌-మౌంటు తెచ్చిన కెనాన్‌ చాలాకాలం తలుపులు మూసే ఉంచింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు కాస్త తెరిచింది... అదీ చిన్న సెన్సరు కెమెరాలకు సరిపోయే లెన్సులతో. కాబట్టి లెన్సు సంగతి కెమెరా కొనేముందే అడగాల్సిన ప్రశ్న. సంబంధం కుదిరాక కాపురం ఏ ఊళ్లో అని అడిగితే లాభమేముంది!

ఎవరికి ఏది?

‘ఏది మంచిది?’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘ఏం తీస్తావు?’ అన్నదానికి జవాబుంటే మాత్రం దారి దొరుకుతుంది.

ఇంట్లో పిల్లలు, అమ్మమ్మలు, పండగలు... ఇవే మీ ఫొటోలైతే 50 ఎంఎం ఎఫ్‌ 1.8 చాలు. చిన్న సెన్సరు కెమెరాల్లో ముఖచిత్రాలకు ఇది బాగా నప్పుతుంది. పెద్ద కంపెనీలే దీన్ని తమ లెన్సుల్లో చవకైన వాటిలో ఒకటిగా అమ్ముతాయి. ఇక్కడ బయటిది వెతుక్కోవడం వల్ల మిగిలేది కొంచెమే. హాయిగా కంపెనీదే తీసుకోవచ్చు.

చుట్టాల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, బతుకమ్మ ఆటలు తీసేవాళ్లకు కావాల్సింది ఎఫ్‌ 2.8 జూమ్‌. కంపెనీ లెన్సుకూ బయటిదానికీ తేడా తెలిసేది ఇక్కడే. ఇంచుమించు సగం ధరకే టామ్రాన్, సిగ్మాల్లో మంచివి దొరుకుతాయి. సరదారాయుళ్లకు ఇంతకంటే అక్కర్లేదు.

పువ్వులు, సీతాకోకచిలుకలు తీసేవాళ్లకు టామ్రాన్‌ 90 ఎంఎం మాక్రో ఉంది. 1979లో మొదలైన ఆ వరసకు వేరే కంపెనీల అభిమానులూ దాసోహమే.

ఇక పక్షులు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్‌ చెరువు గట్టున తెల్లవారుజామున నిలబడేవాళ్లకు పొడవాటి లెన్సు లేనిదే పని జరగదు. కెమెరా కంపెనీల 600 ఎంఎం ఎఫ్‌ 4 లెన్సు ధర పది లక్షలు దాటిపోతుంది. దాని బదులు కారొస్తుంది! 2013 చివర్లో టామ్రాన్, 2014లో సిగ్మా 150-600 ఎంఎం జూమ్‌లు ప్రకటించాక మామూలు ఉద్యోగికీ పిట్టల సరదా అందుబాటులోకొచ్చింది. ఆ దెబ్బకు పెద్ద కంపెనీలూ దిగొచ్చాయి. 2015లో నికాన్‌ 200-500 తెచ్చింది, 2019లో సోనీ 200-600 తెచ్చింది. బయటి లెన్సు కొనని వాళ్లకూ బయటి లెన్సు వల్ల మేలే జరిగిందన్నమాట.

నగల షాపు లెక్క!

మళ్లీ అమ్ముకునే విషయంలో మాత్రం పంజగుట్ట నగల లెక్కే. తెలిసిన కంసాలి దగ్గర చేయించినా, పెద్ద షోరూములో కొన్నా 22 క్యారెట్లు 22 క్యారెట్లే. కానీ మార్చుకోవడానికి వెళితే షోరూము బిల్లుకున్న విలువ వేరు. సొంత కంపెనీ లెన్సుకూ సాధారణంగా సెకండ్‌హ్యాండులో గిరాకీ ఎక్కువ. ఏడాదికోసారి సరంజామా మార్చే అలవాటున్నవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. కొన్నది పదేళ్లు వాడేవాళ్లకు దీంతో పనిలేదు.

ఏది కొన్నా బిల్లు తప్పనిసరి. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అన్నారంటే ఆ తగ్గింపు వారంటీలోంచి పోయినట్టే. విదేశాల నుంచి దొడ్డిదారిన వచ్చిన సరకుకు ఇక్కడి సర్వీసు సెంటర్లు బాధ్యత తీసుకోకపోవచ్చు. కార్డు మీద మన దేశంలోని అధీకృత పంపిణీదారు ముద్ర ఉందా, లెన్సు మీది నంబరూ కార్డు మీది నంబరూ ఒకటేనా... చూసుకోవాలి. బయటి లెన్సయితే మరో ప్రశ్న కూడా. కొత్త కెమెరా వస్తే దీని సాఫ్ట్‌వేర్‌ మార్చుకునే వీలుందా? సిగ్మా 2013లోనే అందుకు చిన్న పరికరం తెచ్చింది. ఇప్పటి మిర్రర్‌లెస్‌ లెన్సుల్లో చాలావాటికి కెమెరా నుంచో లెన్సుకున్న యూఎస్‌బీ నుంచో మార్చుకోవచ్చు.

ఈ పేపరే పరీక్ష పత్రం!

కొనేముందు ఇంట్లోనే ఓ పని చేయొచ్చు. ఏడాదిగా తీసిన ఫొటోలను కంప్యూటరులో తెరిస్తే ఏది ఎన్ని ఎంఎం దగ్గర తీశారో కనిపిస్తుంది. సగానికి పైగా 18 దగ్గరే ఉంటే 300 ఎంఎం లెన్సు కొని ఏం చేస్తారు?

రెండోది... అద్దె. సినిమావాళ్ల కృష్ణానగర్‌ కూతవేటు దూరంలోనే ఉండటంతో ఈ చుట్టుపక్కల లెన్సులు అద్దెకిచ్చే దుకాణాలకు కొదవలేదు. శని, ఆదివారాలు తెచ్చుకుని వాడితే మోజు ఎంతో, అవసరం ఎంతో తేలిపోతుంది.

మూడోది దినపత్రిక. చిన్న అక్షరాల ప్రకటనల పేజీని గోడకు నున్నగా అంటించి, కెమెరాను స్టాండు మీద దానికి ఎదురుగా నిటారుగా పెట్టి, ఎఫ్‌ నంబరు అన్నిటికంటే తక్కువలో ఉంచి ఫొటో తీయాలి. పెద్దది చేసి నాలుగు మూలలూ చూడాలి. నాలుగూ కొంచెం మసకబారితే ఫర్వాలేదు. ఒక మూల స్పష్టంగా ఉండి ఎదుటి మూల అలుక్కుపోయిందంటే గాజు పలకలు సరిగా కూర్చోలేదని అనుమానించాలి. మరోసారి తీసినా అంతే అయితే వేరే పీసు అడగాల్సిందే. అది కంపెనీ లెన్సయినా సరే!

కొన్నాక మరో శత్రువుంది... తేమ. వానాకాలంలో బీరువాలో బట్టల మధ్య దాచిన లెన్సులో బూజు తీగలు పాకితే ఏ బ్రాండూ కాపాడలేదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌ పొట్లాలతో పెట్టడం, అప్పుడప్పుడూ బయటికి తీసి వాడటం... ఖర్చులేని బీమా అదే.

ఇన్ని లెక్కల్లో పడి కొందరు మరచిపోయే లెక్క ఒకటుంది. నెలకింత దాచి రెండేళ్లు ఆగితే కంపెనీ లెన్సే కొనొచ్చు. నిజమే. కానీ ఆ రెండేళ్లలో పాకే పాప బడికెళ్లిపోతుంది. తాతయ్య పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం మానేయొచ్చు. ఊళ్లో పెంకుటింటి చోట మేడ లేస్తుంది. తర్వాత ఎంత గొప్ప లెన్సు తెచ్చినా ఆ ఫొటోలు రావు. చేతిలో డబ్బుంటే కంపెనీది కొనడంలో తప్పు లేదు, అందులో నిశ్చింత ఉంది. లేకపోతే మాత్రం ఎదురుచూడటం కంటే బయటిది కొని ఈ ఆదివారమే ఫొటో తీయడం మేలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లెన్సును తిట్టుకోవడం ఎప్పుడూ ఉండేదే!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఎన్నాళ్ల తర్వాతైనా ఆల్బమ్‌ తిరగేసే పెద్దమ్మ ‘ఇది ఏ కంపెనీ లెన్సురా?’ అని అడగదు. ‘ఇందులో నా ఫొటో ఏదిరా?’ అంటుంది. దానికి జవాబు ఉండాలి మరి!