ఆప్తవాక్యమూ, మా ఇన్నోవా మీటరూ

ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణమని నైయాయికుల నిర్వచనం. ఉన్నదాన్ని యథార్థంగా ఎరిగి, ఎరిగినదాన్ని యథాతథంగా చెప్పేవాడే ఆప్తుడు. ఈ మాటను విద్యార్థులకు ముప్పై ఏళ్లు బోధించిన నేను, ఒక పాత వాహనాన్ని కొనే వేళ దాన్ని సంపూర్ణంగా విస్మరించాను.

అప్పట్లో మా ఇంట్లో ఎనిమిదిమందిమి. మా అమ్మగారికి మోకాళ్ల బాధ. బస్సు మెట్లు ఎక్కలేని స్థితి. అన్నవరమైనా సింహాచలమైనా అందరం కలిసి వెళ్లాలంటే రెండు కార్లు మాట్లాడవలసి వచ్చేది. అందుచేత 2013లో రాజమహేంద్రవరంలో ఒక మధ్యవర్తి ద్వారా 2006 నాటి డీజిల్ ఇన్నోవాను, ఎనిమిది సీట్లది, కొన్నాను. మీటరు 84,000 కిలోమీటర్లు చూపింది. ఏడేళ్లకు 84,000 అంటే ఏడాదికి పన్నెండు వేలు. గృహస్థుని వాహనానికి సముచితమైన సంఖ్యే అని సంతోషించాను. లెక్క సరిపోతే అది సత్యమే అనుకోవడం చదువుకున్నవాళ్ల జాడ్యం కాబోలు.

మా వీథి చివరి వృద్ధ మెకానిక్ మీటరు వైపు చూడనైనా లేదు. క్లచ్ పెడల్ రబ్బరు మీది గాళ్లు పూర్తిగా అరిగి నున్నబడ్డాయి. స్టీరింగు చేతులు పట్టే చోట మెరుస్తోంది. డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగింది.

"మాష్టారూ, మీటరు తిప్పేశారండి. ఇది ఎప్పుడో లక్ష దాటిన బండి" అన్నాడు.

ధూమాన్ని చూసి అగ్నిని ఊహించే అనుమానప్రమాణం నా తరగతి గదిలో కంటే ఆ షెడ్డులో నాకు స్పష్టంగా బోధపడింది. పాత సర్వీసు కాగితాలు వెదికించాను. 2012లోనే 1,41,000 అని నమోదై ఉంది.

సంఖ్య తప్పయితే మునిగిపోయేదేముంది అనిపించవచ్చు. ఈ ఇంజనులో కింది క్రాంక్ షాఫ్టునూ పైని క్యామ్ షాఫ్టునూ ఒకే లయలో తిప్పేది పళ్లున్న ఒక రబ్బరు బెల్టు. నడిచిన దూరాన్ని బట్టి దాని ఆయుష్షు లెక్కిస్తారు. పరుగులో అది తెగితే వాల్వులు ఉన్నచోటనే నిలిచిపోతాయి, పిస్టన్లు మాత్రం ఆగవు. రెండూ ఢీకొని ఇంజను క్షణంలో ధ్వంసమవుతుంది. 84,000 అన్న మాటను నమ్మి ఉంటే ఇంకొంతకాలం నిశ్చింతగా తిరిగేవాణ్ణి. మెకానిక్ కవరు విప్పి చూపించాడు. పళ్ల మొదళ్లలో పగుళ్లు! అక్కడితో అనుమానం ప్రత్యక్షమైంది. నాలుగు రోజుల్లో మా అమ్మగారితో, పిల్లలతో శ్రీశైలం ఘాటు ఎక్కవలసిన బండి అది.

బెల్టు మార్పించాను. తరువాతి ఎనిమిదేళ్లలో ఆ బండి మమ్మల్ని ఒక్కసారైనా మార్గమధ్యంలో దించలేదు. క్లచ్ ప్లేటు, ముందు సస్పెన్షన్ బుష్‌లు, వెనుక ఏసీ బ్లోయరు, రెండు బ్యాటరీలు: ఇవీ దాని కోరికలు. ఈ విశ్వసనీయతలో సగం నిర్మాణానిదైతే, తక్కిన సగం ఆ వృద్ధుని చెవులది. చెడబోయే భాగం చేసే చప్పుడును ఆయన నెల ముందే వినేవాడు.

2021 నాటికి అమ్మగారు లేరు, పిల్లలు దూరమైపోయారు. పదిహేనేళ్లు నిండిన రిజిస్ట్రేషనును మరో అయిదేళ్లకు పునరుద్ధరించి, బండిని అమ్మకానికి పెట్టాను. సమీప గ్రామం నుంచి ఒక యువ ఉపాధ్యాయుడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు.

మీటరు 1,78,000 చూపుతోంది. "ఇంకా రెండు లక్షలైనా కాలేదండీ!" అని మురిసిపోయాడు. నేను మాట్లాడలేదు. అబద్ధం నేను ఆడడం లేదు, మీటరు ఆడుతోంది అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. అతను పదివేలు బయానా ఇచ్చి వెళ్లాడు. అశ్వత్థామ విషయంలో అర్ధసత్యం పలికిన ధర్మరాజు రథం, అంతవరకు భూమికి నాలుగంగుళాల ఎత్తున నడిచినది, ఆనాడు నేలకు దిగిందంటారు. నా బండి చక్రాలు మొదటినుంచీ నేలమీదే ఉన్నాయి గనుక నాకు ఏ సూచనా కనబడలేదు.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పెద్దాయన తలుపు పైనున్న పిడిని పట్టుకుని, ఒక కాలు పైకి పెట్టి, క్షణం ఆగి, రెండోది లాక్కోవడం మళ్లీ మళ్లీ కళ్లకు కట్టింది. మా అమ్మగారు సరిగ్గా అలాగే ఎక్కేవారు.

తెల్లవారగానే ఫోన్ చేశాను. అసలు దూరం కనీసం 2,35,000 అనీ, మీటరు మీద ఇంకో ఆరువేలకు బెల్టు మార్చవలసి ఉందనీ చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం.

"నిన్ననే చెప్పి ఉండవలసింది కదండీ, మాష్టారూ" అన్నాడు.

శిష్యుడి వయసువాడు. నా వద్ద జవాబు లేదు. బయానా తిరిగి ఇస్తానన్నాను. వద్దని, రెండు రోజుల తరువాత తన మెకానిక్‌ను తీసుకుని వచ్చాడు. నలభైవేలు తగ్గించమన్నాడు, తగ్గించాను. బెల్టు నా ఖర్చుతోనే మార్పించాను.

తాళాలు ఇచ్చే ముందు ఒక కాగితం మీద రెండు సంఖ్యలు, మీటరు చూపేదీ అసలైనదీ, బెల్టు మార్చిన తేదీతో సహా రాసి ఆర్‌సీ ఉన్న కవరులో పెట్టాను. అతను ఎన్నడైనా ఆ బండిని మరొకరికి అమ్మే రోజున ఆ కాగితం ఆ కవరులోనే ఉంటుందా అని అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను.