అమ్మ ఎంత దూరం వెళ్లింది?

ఆకలితో చచ్చిపోయిన సీ లయన్ పిల్లను కోసి చూస్తే రిపోర్టులో రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. చర్మం కింద వేలి మందాన ఉండాల్సిన కొవ్వు కాగితంలా పలచబడి ఉంటుంది. పొట్టలో కాస్త ఇసుక, నాలుగు గులకరాళ్లు. ఊపిరితిత్తుల్లో పురుగులు ఉంటే ఉంటాయి. అవి బలిసిన పిల్లల్లోనూ ఉంటాయి. గుండె, మూత్రపిండాలు చూపుకు బాగానే ఉంటాయి. కాలిఫోర్నియా తీరంలో సముద్ర జంతువుల ఆసుపత్రిలో పనిచేసే నాకు 2013 నుంచి 2016 దాకా ఇలాంటి రిపోర్టులు రాయడమే పెద్ద పనైపోయింది. మరణ కారణం అన్న గడిలో ‘పోషకాహార లోపం’ అని నింపేవాళ్లం. అది నిజమే. కాకపోతే ఆ గడిలో ఇంకో మాట పట్టి ఉంటే, తల్లి చేప కోసం ఎంత దూరం పోయిందో కూడా రాసేవాణ్ని. అసలు జబ్బు అక్కడుంది.

2015 ఫిబ్రవరిలో ఒక సీ లయన్ పిల్ల వచ్చింది. రోడ్డు పక్కన ఆగివున్న కారు టైరుకు ఆనుకుని ముడుచుకు పడుకుంటే ఎవరో చూసి ఫోను చేశారు. (మరుసటి ఏడు లా హోయాలో ఇంకో పిల్ల ఏకంగా రెస్టారెంటులోకి దూరి, సముద్రం కనిపించే సీటు చూసుకుని మరీ నిద్రపోయింది. పేపర్లవాళ్లకు అది సరదా వార్త.) వీటి కాన్పులు దాదాపు అన్నీ జూన్ చుట్టూనే, ఎక్కువగా శాన్ మిగెల్, శాన్ నికొలస్ దీవుల మీద జరుగుతాయి. అందుకని వయసు కోసం పళ్లు లెక్కపెట్టే పనిలేదు. ఎనిమిది నెలలు. తూకం 11 కిలోలు. పుట్టినప్పుడే ఏడెనిమిది కిలోలుండే జాతి ఇది. అసలు ఆ నెలలో అది దీవి మీద తల్లి పాలు తాగుతూ ఉండాలి. పది పదకొండు నెలలు నిండితే గానీ ఇవి పాలు మానవు.

మెడ దగ్గర తోలు పట్టుకుంటే పిడికిట్లోకి వచ్చేసింది. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. ఒళ్లు చల్లబడింది, రక్తంలో చక్కెర పడిపోయింది. అయినా మూతి తెరిచి నన్ను కొరకబోయింది. కొరకబోయే పిల్లంటే మా అందరికీ ఇష్టం. చేయి ముందు పెట్టినా పట్టించుకోని పిల్లను చూస్తేనే భయం.

కొత్త వాలంటీర్లు వెంటనే చేపల బకెట్ తెస్తారు. వద్దని ఆపడం మొదటి వైద్యం. ఎండిన ఒంట్లో ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం దిగజారి గుండె ఆగిపోవచ్చు. మన దగ్గర పోషకాహార పునరావాస కేంద్రాల్లో బాగా చిక్కిపోయిన పిల్లలకు మొదట పలుచటి పాలు కొద్దికొద్దిగా పట్టించేది ఇందుకే. ఇక్కడా అంతే. వెచ్చగా ఉంచి, గొట్టంతో లవణాల నీళ్లు పోసి, మర్నాటి నుంచి హెర్రింగ్ చేపను మిక్సీలో నీళ్లతో రుబ్బి పలుచగా ఎక్కించాలి. ఆవు పాలు పనికిరావు. సీ లయన్ పాలలో పాలచక్కెర దాదాపు ఉండదు, దాన్ని అరిగించుకునే శక్తి పిల్లకూ లేదు.

ఈ పాల సంగతి తెలిసినప్పుడు నేను కాసేపు నమ్మలేదు. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివినవాణ్ని, మహబూబ్‌నగర్ జిల్లాలో బర్రెల మధ్య పెరిగినవాణ్ని. పాలకేంద్రంలో ఏడు శాతం వెన్న చూపిస్తే రైతు మొహం వెలిగిపోవడం చూశాను. ఈ పాలలో మూడోవంతు కొవ్వే! అంతకన్నా వింత, పొదుగు సంగతి. బర్రెను కొన్నాళ్లు పితక్కుండా వదిలేస్తే వట్టిపోతుంది. పాలు నిలవుండిపోతే పొదుగులోని కణాలు తమంతట తాము చావడం మొదలుపెడతాయి. సీ లయన్ తల్లి రోజుల తరబడి సముద్రంలో తిరిగొచ్చినా వట్టిపోదు. పాలచక్కెర తయారీకి కావలసిన ఒక ప్రోటీన్ ఈ జాతి పొదుగులో ఉండదు, కణాలను చావమని తొందరపెట్టేదీ ఆ ప్రోటీనే అని పరిశోధకులు చెప్పే వివరణ. కాన్పయ్యాక వారం పాటు తల్లి పిల్లను వదలదు. తర్వాత రెండు నుంచి ఐదు రోజులు వేట, వచ్చి ఒకటి రెండు రోజులు పాలివ్వడం, మళ్లీ వేట. నెలల తరబడి ఇదే వరస. దూరాన్ని ఓర్చుకునేలా తయారైన పొదుగు అది. ఒడ్డున పడివున్న పిల్లకు మాత్రం ఒంట్లో ఉన్న కొవ్వే ఆధారం. తల్లి వచ్చేలోగా అది కరిగిపోతే ఆ పొదుగులో పాలున్నా లాభం లేదు.

ఆ దూరాన్ని గాలి నిర్ణయిస్తుంది. వసంతంలో ఈ తీరం వెంట వాయవ్యం నుంచి గట్టి గాలులు వీస్తాయి. పైనీరు ఒడ్డు నుంచి సముద్రం లోపలికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి, సారమున్న నీరు పైకి వస్తుంది. ఆ నీటితోనే నాచు, ప్లవకాలు, వాటితో సార్డీన్, ఆంకోవీ. 2013 చివర్లో ఉత్తర పసిఫిక్‌లో పెద్ద వేడినీటి మేట ఒకటి ఏర్పడింది. శాస్త్రవేత్తలు ‘బ్లాబ్’ అన్నారు. దాని మీద 2015లో ఎల్ నీనో తోడైంది. పైన వెచ్చటి నీరు మందంగా పేరుకుంటే గాలి వీచినా పైకి వచ్చేది ఆ వెచ్చటి నీరే. దీవుల చుట్టుపక్కల సార్డీన్, ఆంకోవీ పలచబడ్డాయి. తల్లులు మార్కెట్ స్క్విడ్, రాక్‌ఫిష్ తిని సరిపెట్టుకున్నాయి. వాటిలో కొవ్వు తక్కువ. అంటే తల్లి ఎక్కువ దూరం పోయి, తక్కువ బలం తెచ్చుకుని, ఆలస్యంగా వచ్చిందన్న మాట. ఆగలేని పిల్లలు తామే నీళ్లలోకి దిగాయి. 2015లో మొదటి ఐదు నెలల్లోనే కాలిఫోర్నియా ఒడ్డుకు 3,000కు పైగా పిల్లలు కొట్టుకొచ్చాయి. మా వాకిట్లో కుక్కల బోన్లు కూడా నిండిపోయాయి.

ఆ ఏడే, అదే ఎల్ నీనో ప్రభావంతో, మన దేశంలో నైరుతి రుతుపవనాలు 14 శాతం లోటు చూపాయి. ఊరి నుంచి నాన్న ఫోను చేసి, గడ్డి లేక జనం బర్రెలను సంతకు తోలుకుపోతున్నారని చెప్పాడు. మేమిద్దరం మాట్లాడుకున్నది ఒకే సముద్రం గురించి అని ఆయనకు చెప్తే, “నీ సీళ్ల గోల నాకెందుకురా” అన్నాడు.

పిల్లలు ఇలా ఆకలితో పోవడం కొత్తగా వచ్చిన జబ్బేం కాదు. 1982-83 ఎల్ నీనోలో గలాపగోస్ దీవుల్లో ఆ ఏడు పుట్టిన ఫర్ సీల్ పిల్లలు దాదాపు అన్నీ పోయాయి. తేడా అల్లా, ఇప్పుడు వెచ్చటి ఏళ్లు దగ్గర దగ్గరగా వస్తున్నాయి.

ఎలిఫెంట్ సీల్ సంసారం వేరు. ఈ తల్లి ఉత్తర పసిఫిక్‌లో నెలల తరబడి తిని, ఒళ్లంతా కొవ్వు చేసుకుని, డిసెంబరు, జనవరిల్లో ఒడ్డెక్కి ఈనుతుంది. ఆ తర్వాత దాదాపు నాలుగు వారాలు తిండీ లేదు, నీళ్లూ లేవు. దాచుకున్నదంతా పాలుగా కరుగుతుంది. చివరి రోజులకు ఆ పాలలో సగానికి పైగా కొవ్వే. 35 కిలోల పిల్ల 130 కిలోలవుతుంది. ఒకరోజు తల్లి వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. కాబట్టి ఇక్కడ లెక్క వేరు: ఈ నెల పిల్ల తాగే పాలు నిరుటి సముద్రం పెట్టినవి. ఆన్యో న్యూవో తీరంలో ఏటా పాలు మానే పిల్లలను తూస్తూ వచ్చారు. 1970ల నడిమి నుంచి, పసిఫిక్ వెచ్చగా ఉన్న కాలమంతా ఆ తూకాలు తగ్గుతూ వచ్చి, 1999 తర్వాత నీరు చల్లబడ్డాక మళ్లీ కోలుకున్నాయి.

ఈ జాతిలో పాలు మానని పిల్లలు మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఆకలివల్ల కాదు, అలలవల్ల. జనవరి తుపానులో పెద్ద పోటు వస్తే ఇరుకు ఒడ్డున ఉన్న పిల్లలు కొట్టుకుపోతాయి. ఎల్ నీనో ఏళ్లలో సముద్రమట్టమే ఎత్తుగా ఉంటుంది. బొడ్డుతాడు ఊడని ఒక పిల్లను అలాగే తెచ్చారు. రాత్రంతా ఏడ్చేది. ఆ పిలుపు వింటే తల్లి ఒడ్డంతా వెతుక్కుంటుంది, మా గోడ దాకా మాత్రం రాలేదు. రోజుకు మూడు కిలోల పైన బరువు పెంచే పాలు మాకెక్కడివి? తల్లి నాలుగు వారాల్లో చేసే పనికి మాకు మూడు నెలలు పట్టింది, అదీ సగమే.

వెచ్చటి నీరు తల్లినీ వదలదు. ఒక జూలైలో పెద్ద ఆడ సీ లయన్ వచ్చింది. తల వెనక్కి విరిచి ఆకాశం కేసి చూస్తూ ఊగుతోంది, ఆ వెంటనే ఫిట్స్. నాచులో పుట్టే డొమోయిక్ ఆమ్లం ఆంకోవీల ద్వారా దాని మెదడుకెక్కింది. సీ లయన్లలో ఈ విషాన్ని మొదట గుర్తించింది 1998లో, మాంటెరీ బే ప్రాంతంలో. మత్తిచ్చి పరీక్షిస్తూ పొదుగు నొక్కాను. చిక్కటి పాలు వేళ్ల మీదికి వచ్చాయి. అంటే ఏదో దీవి మీద నెల రోజుల పిల్ల ఒకటి ఎదురుచూస్తోంది. ఏ దీవో, ఏ పిల్లో కనుక్కునే దారి లేదు. కేసు షీటులో ‘పాలిచ్చే తల్లి’ అని రాసి, ఫిట్స్ తగ్గే మందు మోతాదు లెక్క చూసుకున్నాను.

ఇంత చాకిరీ ఎందుకని అడిగే సహోద్యోగులున్నారు. కాలిఫోర్నియా సీ లయన్లు 2014లో దాదాపు 2,57,000 ఉన్నాయని అంచనా. మేం బతికించే వందలు ఆ లెక్కలో కనపడవు. సముద్రం ఒక డిగ్రీ వేడెక్కితే వీటి సంఖ్య పెరగడం ఆగిపోతుందని, రెండు డిగ్రీలైతే తగ్గడం మొదలవుతుందని 2018లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. ఆ సహోద్యోగుల వాదన సబబే. కానీ ఒడ్డుకొచ్చిన పిల్లల తూకాలు, రక్తం, పొట్టలో దొరికిన స్క్విడ్ ముక్కులు చూసే కదా అడుగున ఏం జరుగుతోందో ముందుగా తెలిసేది. నాకైతే ఆ ఒక్క కారణం చాలు. కొరకబోయే పిల్ల ఎదురుగా ఉంటే ఆ కారణం కూడా అక్కర్లేదు.

అసలు చిక్కు ఒడ్డున వదిలేటప్పుడు. 2015 మే నాటికి కొన్ని పిల్లలు బరువు పుంజుకుని, బతికున్న చేపను తామే వెంటాడి పట్టే దాకా వచ్చాయి. మాంటెరీ బేలో ఆంకోవీ ఒడ్డు దగ్గరే గుంపులు కట్టింది. అయితే అదే నెలలో అదే నీటిలో విషపు నాచు విపరీతంగా పెరిగింది. చేప ఉన్నచోట విషం. ఆసుపత్రిలోనే ఉంచుకుందామంటే కొత్తగా వచ్చేవాటికి కొలను ఖాళీ లేదు. నీటి పరీక్షల ఫలితాలు చూసుకుని, జాలరులను చేప ఎక్కడుందో అడిగి, ఉత్తరాన పాయింట్ రెయిస్ దగ్గర వదిలాం. కొన్ని మళ్లీ చిక్కిపోయి, రెక్కకు మేం వేసిన ట్యాగుతోనే తిరిగొచ్చాయి. వాటికి మళ్లీ గొట్టం, లవణాల నీళ్లు, రుబ్బిన హెర్రింగ్.