శేషాచల పాదమున రెండు మ్రాకులు

వైశాఖపుటెండ ముదురకమునుపే శేషాచల పాదమున నున్న అటవీశాఖవారి నారుమడికి పోయితిని. అక్కడ రక్తచందనపు కాయలను పేడనీళ్ళలో నానవైచి యుండిరి. చుట్టును పలుచని రెక్కగల ఆ గుండ్రని కాయలో గింజ ఒకటి, అరుదుగా రెండు మాత్రమే యుండుననియు, పైపెంకు గట్టిదగుటచే ఎంత నానినను మొలకెత్తునవి కొలదియే యనియు మడికాపరి చెప్పెను.

దాని తోబుట్టువైన వేగిస నారును ఆ ప్రక్కనే సంచులలో పెరుగుచుండెను. రెండును ఒకే ప్రజాతికి చెందినవి. రెంటి పూలును పసుపుపచ్చనివే, రెంటి కాయలును రెక్కలు గలవే. "మూడాకులుంటే చందనం సామీ, అయిదో ఏడో ఉంటే ఏగిస" అని అతడు రెండు రెమ్మలు నా చేతికిచ్చెను. చందనపుటాకు వెడల్పుగా గుండ్రముగా నుండగా, వేగిసయాకు కోలగా నుండి, కొనయందు చిన్న నొక్కు కలిగియుండెను. వేగిసకు శాస్త్రనామమిడిన రాక్స్‌బర్గు మన సామర్లకోటలో తోటలు పెంచినవాడే యని జ్ఞప్తికి వచ్చి సంతసించితిని.

శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగపు రాతికొండలే రక్తచందనమునకు పుట్టినిల్లు. దాని ఎఱ్ఱని చేవకై దొంగలు చెట్లను నరికి సముద్రములు దాటించుచుండుటచే, 1995లో అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు సైటిస్ ఒడంబడిక రెండవ అనుబంధమున దానిని చేర్చిరి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు 2018లో దానిని ఆపదకు చేరువైనదిగా మాత్రమే గణించినను, అనంతరము మరల ఆపన్నజాతులలోనికి మార్చిరి. వేగిస నేటికిని ఆ చేరువ వర్గమునందే యున్నది.

ఈ భేదమును చూచి వేగిసను గూర్చి నిశ్చింతగా నుండుట నాకు సమ్మతముకాదు. కాపరి వేగిసచేవ ముక్కనొకదానిని గాజుగ్లాసులోని నీటియందు వేయగా, కొంతసేపటికి ఆ నీరు పసుపు తిరిగి, ఎండకెత్తి పట్టినంతనే అంచులవెంట నీలికాంతి చిమ్మెను; మధుమేహమునకు మందని జనులు గ్లాసులుగా తొలిపించుకొనునది ఈ చేవనే. బెరడుకు గాట్లు పెట్టి ఎఱ్ఱని బంక తీయుదురు, కలపకై మానునే కొట్టుదురు. నేపాళము మొదలు సింహళము వరకు వ్యాపించిన చెట్టగుటచేతనే ఒక్కొక్క కొండపై అది పలుచబడుట ఎవరి కంటను పడదు; ఒక్క మూలకు పరిమితమైనదానికి కావలివాడున్నాడు, అంతటనున్నదానికి ఎవ్వడును లేడు.

ఆ మడిలో చందనపు సంచులు వరుసలు వరుసలుగా నుండ, వేగిసకు దక్కినది ఒక్క మూల మాత్రమే. వేగిసకాయలనుకూడ ఈయేడు విరివిగా ఏరింపుమని కాపరిని కోరితిని; పైవారి ననుమతి యడిగెదననెను.