పరిగె గింజల బ్యాంకు

ఫుడ్ బ్యాంకు అన్నం పెట్టే చోటు కాదు. అక్కడ పొయ్యి వెలగదు, విస్తరి వేయరు. అదొక గోదాము. ఊరి చివర, లారీలు వెనక్కొచ్చి ఆనుకునే ఎత్తరుగులతో, ఫోర్క్‌లిఫ్టులతో, మనిషి లోపల నడవగలిగే పెద్ద ఫ్రిజ్ గదులతో ఉంటుంది. కంపెనీలు, సూపర్ మార్కెట్లు, రైతులు, ప్రభుత్వం ఇచ్చే సరుకు అక్కడ దిగుతుంది. మళ్లీ అక్కడి నుంచి చర్చి సెల్లార్లలోనో బడి గదుల్లోనో నడిచే చిన్న కేంద్రాలకు వెళ్తుంది. జనం వరసలో నిలబడి సంచి అందుకునేది ఆ చిన్న కేంద్రం దగ్గర. దాని పేరు ఫుడ్ ప్యాంట్రీ. బ్యాంకుది టోకు వ్యవహారం, ప్యాంట్రీది చిల్లర. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు మాటల్లో రెంటినీ ఫుడ్ బ్యాంకనే అనేస్తారు. ఫీడింగ్ అమెరికా అనే జాతీయ సంస్థ కింద దాదాపు 200 బ్యాంకులు, వాటి మీద ఆధారపడి 60,000 దాకా ప్యాంట్రీలు, భోజన కేంద్రాలు ఉన్నాయి.

ఈ ఏర్పాటు మొదలైంది 1967లో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన అక్కడ పేదలకు భోజనం పెట్టే ఒక శాలలో ఊరికే పనిచేసేవాడు. నిమ్మజాతి చెట్ల మీద యజమానులు వదిలేసిన కాయలు కోసుకొచ్చి వంటశాలకు ఇచ్చేవాడు. అక్కడికొచ్చే ఒక తల్లి, పదిమంది పిల్లలున్న మనిషి, కిరాణా దుకాణం వెనక చెత్తతొట్టిలో మంచి సరుకే దొరుకుతోందని ఆయనకు చెప్పింది. డబ్బు దాచుకోవడానికీ తీసుకోవడానికీ బ్యాంకున్నట్టు తిండికీ ఒకటుంటే బాగుండునన్నది ఆవిడ మాటేనని ఆయన తర్వాత చెబుతూ వచ్చాడు. సెయింట్ మేరీ చర్చి వాడకంలో లేని ఒక పాత బేకరీ భవనాన్నీ 3,000 డాలర్లనూ ఇచ్చింది. ఆ చర్చి పేరే బ్యాంకుకూ పడింది. సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది.

కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని తెలుగులో పరిగె అంటారు. బైబిలు తెలుగులో చదివినవాళ్లకు రూతు పరిగె ఏరుకున్న కథ తెలిసిందే. వాన్ హెంగెల్ చేసిందీ అదే పని, కాకపోతే చేలో కాక సూపర్ మార్కెట్ వెనక. 1979లో జాతీయ స్థాయి సంస్థ ఏర్పడినప్పుడు దానికి ‘సెకండ్ హార్వెస్ట్’, అంటే రెండో కోత, అని పేరు పెట్టారు. 2008లో ఆ పేరు తీసేసి ఫీడింగ్ అమెరికా అన్నారు. చందాలిచ్చేవాళ్లకు కొత్త పేరు సులువుగా అర్థమవుతుంది కానీ, తిండి ఎక్కడి నుంచి వస్తోందో చెప్పే పేరు మాత్రం పాతదే.

మిగులు సరుకు కంపెనీలు ఎందుకిస్తాయి? దయ కొంత ఉండొచ్చు, పన్ను లెక్క మాత్రం తప్పకుండా ఉంది. 1976లో వచ్చిన పన్ను చట్టం సరుకు దానం చేసిన కంపెనీకి కొన్న ధర కన్నా ఎక్కువ మినహాయింపు చూపుకునే వీలు కల్పించింది. 1996లో మరో చట్టం వచ్చింది, బిల్ ఎమర్సన్ అనే కాంగ్రెస్ సభ్యుడి పేరు మీద. మంచి మనసుతో ఇచ్చిన ఆహారం వల్ల ఎవరికైనా జబ్బు చేసినా, దాతది ఘోరమైన నిర్లక్ష్యమో కావాలని చేసిన తప్పో అయితే తప్ప కేసు నిలవదని దాని సారం. అలా వచ్చే సరుకు చూస్తే కంపెనీల లోపలి సంగతులు బయటపడతాయి. లేబుల్ అచ్చుతప్పు పడ్డ సాస్ సీసాలు, సొట్టపడిన డబ్బాలు, జనం కొనక ఆపేసిన కొత్త రుచి చిప్స్, పండగ దాటిపోయిన చాక్లెట్లు. డబ్బా మీద ‘బెస్ట్ బై’ తేదీ దాటిపోయి ఉండటమూ మామూలే. ఆ తేదీ రుచి గురించి తయారీదారు చెప్పే మాట. పసిపిల్లల పాలపొడికి తప్ప అలాంటి తేదీ వేయాలన్న జాతీయ చట్టం అమెరికాలో లేదు.

ప్రభుత్వం ఇందులోకి వచ్చింది చీజ్ దారిన. పాడిరైతులకు ధర నిలబెట్టడానికి కొన్న చీజ్ గోదాముల్లో గుట్టలుగా పేరుకుపోతే, 1981 డిసెంబర్లో అధ్యక్షుడు రీగన్ దాన్ని పేదలకు పంచమన్నారు. అయిదేసి పౌండ్ల ఆ చీజ్ దిమ్మలు పంచడానికి ఊరూరా ఒక చేయి కావాలి. ఫుడ్ బ్యాంకులు ఆ చేయి అయ్యాయి. ఆ పథకం పొడి పేరు టెఫాప్. మొదట్లో అందులోని ‘టె’ టెంపరరీ అనే మాటకు గుర్తు, అంటే తాత్కాలికం. 1990లో ఆ మాట తీసేసి దాని చోట ‘ది’ అనే ఉత్త మాట పెట్టారు. ఇంగ్లిషులో రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి పొడి పేరు చెక్కుచెదరలేదు.

సరుకు సంపాదించడం కన్నా కష్టమైన పని, ఏది ఎవరికి పంపాలన్నది. 2005 దాకా జాతీయ సంస్థ లెక్కలో పౌండంటే పౌండే. బంగాళాదుంపల పౌండూ, పీనట్ బటర్ పౌండూ ఒకటే. పెద్ద కంపెనీ ఒక లారీ లోడు ఇస్తే వరసలో ముందున్న బ్యాంకుకు కబురు వెళ్లేది. కొన్ని గంటల్లో అవుననో కాదనో చెప్పాలి. రవాణా ఖర్చు తీసుకునేవాడిదే. దేశంలోకెల్లా బంగాళాదుంపలు ఎక్కువ పండే ఐడహోకు కూడా బంగాళాదుంపల లోడు తీసుకుంటారా అని కబురు రావచ్చన్నది ఆ పద్ధతి గురించి అందరూ చెప్పుకునే ఉదాహరణ. ఏ గోదాములో ఏముందో పై సంస్థకు తెలియదు. చెప్పే దారీ లేదు.

షికాగో విశ్వవిద్యాలయం అధ్యాపకులు కొందరు, వాళ్లలో ఆర్థికవేత్త కానిస్ ప్రెండర్‌గాస్ట్ ఒకరు, దీనికి వేలంపాట సూచించారు. పేదల కోసం పనిచేసేవాళ్లకు మార్కెట్ మాటే గిట్టదు కాబట్టి మొదట అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకు వేలం కొత్త కాదు, డబ్బు లేని వేలమే కొత్త. ప్రతి బ్యాంకుకూ తన ప్రాంతంలో పేదలు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి ‘షేర్లు’ ఇస్తారు. అవి ఈ వేలంలో తప్ప ఎక్కడా చెల్లవు. పని దినాల్లో రోజుకు రెండుసార్లు పాట. ఒకరి పాట ఇంకొకరికి కనిపించదు. ఆ రోజు ఖర్చయిన షేర్లన్నీ రాత్రికి మళ్లీ అదే లెక్కన అందరికీ పంచేస్తారు. చిన్న బ్యాంకులు కలిసి పాడొచ్చు, అప్పూ తీసుకోవచ్చు. ఎవరికీ అక్కర్లేని సరుకుకు ధర సున్నా కన్నా కిందికి దిగొచ్చు, అంటే తీసుకున్నవాళ్లకే ఎదురు షేర్లు దక్కుతాయి.

పాట మొదలయ్యాక ధరలు చెప్పిన సంగతి ఎవరూ ఊహించనంత స్పష్టంగా ఉంది. సీరియల్, పాస్తా లాంటి నిల్వ ఉండే సరుకు బాగా పలికింది. తాజా కూరగాయలు దాదాపు ఊరికే పోయాయి. కూరగాయలు వద్దని కాదు. అవి చాలా బ్యాంకులకు సొంత ఊళ్లోనే దొరుకుతాయి, పైగా ఆగవు. దాతలు బాగా ఉన్న నగరాల బ్యాంకులు షేర్లు దాచుకుని పీనట్ బటర్ లాంటి ఖరీదైన వాటి మీద పెట్టాయి. దాతలు లేని చోట్ల వాళ్లు చవగ్గా పోయే సరుకుతో గోదాము నింపుకున్నారు. ఎవరికి కావలసింది వాళ్లే చెప్పుకున్నారు.

ప్యాంట్రీ గడప దగ్గర మాత్రం ఈ మార్పు ఇంకా నెమ్మదిగానే వస్తోంది. పాత పద్ధతిలో సంచి ముందే కట్టి పెడతారు, చేతికిచ్చి పంపేస్తారు. వరస త్వరగా కదులుతుంది. ఇంటికెళ్లి విప్పితే సగం పనికిరావు: షుగరున్నవాడికి సిరప్పులో పీచ్ ముక్కలు, పొయ్యి లేనివాడికి ఎండు బీన్స్. కొత్త పద్ధతిలో దుకాణంలోలాగే అరల మధ్య తిరిగి ఎంచుకుంటారు. అర మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. ఇంట్లో ఒకరిద్దరుంటే రెండు డబ్బాలు, అయిదుగురుంటే నాలుగు, అలా. దీనికి చోటు కావాలి, మనుషులు కావాలి. అందుకే అన్ని చోట్లా లేదు.

ఆ మనుషుల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. శనివారం పొద్దున జుట్టుకు వల, చేతులకు తొడుగులు వేసుకుని బెల్టు మీద వచ్చే ఆపిల్ పళ్లను అయిదు పౌండ్ల సంచుల్లో నింపే వరసలో తెలుగు హైస్కూలు పిల్లలు కనిపిస్తారు. కాలేజీ అప్లికేషనులో రాసుకోవడానికి వాళ్లకు వాలంటీర్ గంటలు కావాలి, గోదాముకు చేతులు కావాలి. ఎవరి లెక్క వాళ్లదే అయినా ఆపిల్ పళ్లు సంచుల్లోకి చేరతాయి. తెలుగు సంఘాల క్యాన్డ్ ఫుడ్ డ్రైవుల (డబ్బా తిండి సేకరణల) దగ్గర మాత్రం లెక్క కొంచెం తప్పుతుంది. బ్యానరు, డబ్బాల గుట్ట, దాని వెనక నలభై మంది ఫొటో. ఆ డబ్బాలు ఒక్కొక్కటీ చిల్లర ధరకు కొన్నవి. అదే డబ్బు బ్యాంకు చేతిలో పెడితే టోకున అంతకు ఎన్నో రెట్లు కొంటుంది. ఒక్క డాలరుతో పది భోజనాలకు సరిపడా తిండి అందుతుందని ఫీడింగ్ అమెరికా చెప్పే లెక్క. చెక్కు ఫొటోలో అంత బాగా పడదు మరి.

అవసరం ఈ మధ్య పెరిగింది. అమెరికా వ్యవసాయ శాఖ సర్వేలో ‘తిండికి భరోసా లేని’ కుటుంబాలు 2021లో 10.2 శాతం, 2022లో 12.8, 2023లో 13.5. కుటుంబాల సంఖ్యలో చెబితే ఆ చివరి ఏడాది 1.8 కోట్లు. 2019, 2023 మధ్య ఆహార ధరలు పాతిక శాతం పెరిగాయి. కోవిడ్ కాలంలో పిల్లల కోసం పెంచిన పన్ను రాయితీ 2021 చివర ముగిసింది. స్నాప్ అనే ప్రభుత్వ ఆహార సాయంలో ఇచ్చిన అదనపు మొత్తం 2023 మార్చికల్లా ఆగిపోయింది. స్నాప్ ముందు ఫుడ్ బ్యాంకులు ఎంత చిన్నవో చాలామందికి తెలియదు. బ్యాంకులు ఒక భోజనం ఇచ్చే చోట స్నాప్ తొమ్మిది ఇస్తుంది. 2025 శరత్తులో ప్రభుత్వం 43 రోజులు మూతపడి, నవంబర్ మొదట్లో స్నాప్ డబ్బు ఆగినప్పుడు ప్యాంట్రీల ముందు కార్ల బారులు అందుకే అంత పొడుగయ్యాయి. దానికి ముందే, ఆ సెప్టెంబర్లో, ఈ వార్షిక సర్వేను ఇక ఆపేస్తామని వ్యవసాయ శాఖ ప్రకటించింది.

తెలుగువాళ్లు ఇచ్చే వైపే కాదు, పుచ్చుకునే వైపూ ఉన్నారు, ఎక్కువగా విద్యార్థులు. 2023–24లో అమెరికాలో చదివే భారతీయులు 3,31,602 మంది, ఏ దేశం కన్నా ఎక్కువ. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. స్నాప్‌కు అర్హత లేదు. ఊళ్లో పొలమో ఇల్లో తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఫీజుకు సరిపోతుంది, ఆ తర్వాత మిగిలేది అద్దె, తిండి. అద్దె తగ్గదు. వీళ్లకు దారి క్యాంపస్ ప్యాంట్రీ. విద్యార్థులే నడిపిన తొలి ఫుడ్ బ్యాంకు 1993లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వచ్చింది. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. సాధారణంగా కాలేజీ కార్డు చూపిస్తే చాలు.

కెనడాలో ఈ దారి కొంత మూసుకుంది. 2023లో బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ బ్యాంకు విదేశీ విద్యార్థులకు ఇవ్వబోమంది. 2024లో వ్యాంకూవర్‌లో మొదటి ఏడాది విదేశీ విద్యార్థులను ఆపారు. ఖర్చులకు డబ్బుందని చూపించాకే కదా వీసా వచ్చింది అన్నది వాళ్ల వాదన. సరుకు చాలని చోట ఆ వాదనను తీసిపారేయలేం. కానీ చూపించాల్సిన మొత్తం 2000 తొలినాళ్ల నుంచి 10,000 కెనడా డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ప్రభుత్వం దాన్ని 20,635కు పెంచింది 2024 జనవరి 1న. అంతకుముందు వచ్చినవాళ్లు చట్టప్రకారం తెచ్చిన డబ్బు బతకడానికి అవసరమైన దాంట్లో సగమేనని ఆ పెంపే ఒప్పుకున్నట్టయింది.

అమెరికా క్యాంపస్ ప్యాంట్రీలో తెలుగు విద్యార్థి బుట్ట కన్నా ముందు లేబుల్ చూస్తాడు. రీఫ్రైడ్ బీన్స్ డబ్బా బొమ్మలో రాజ్మాలాగే ఉంటుంది, సన్న అక్షరాల్లో లార్డ్ అని ఉంటే అది పంది కొవ్వు. జెల్లీ పెట్టెలో జెలటిన్. కూరగాయల సూప్ అనుకున్నదాంట్లో బీఫ్ బ్రాత్. శాకాహారి అయితే మిగిలేవి శనగలు, బియ్యం దొరికితే బియ్యం, పాస్తా, టమాటా డబ్బాలు. ప్యాంట్రీ వరసకు వెళ్లిన సంగతి ఇంటికి చెప్పరు, రూమ్మేట్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. శని ఆదివారాల్లో గుళ్లో పులిహోర ఉంటుంది, అక్కడికి వెళ్లడం ఎవరికీ నామోషీ కాదు.

అరల్లో కందిపప్పు ఉండదు. పసుపు బఠానీ పప్పు ఉంటుంది, చూడటానికి అలాగే. రాత్రి నానబెట్టి, కుక్కర్లో రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చి, డబ్బా టమాటాలు వేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇంగువతో పోపు పెడతారు. ఫోన్లో అమ్మ ఏం తిన్నావని అడిగితే పప్పన్నం అని చెబుతారు.