ఆయన పక్కన లేని ఏడు నిమిషాలు

"మేడం, ఇంగ్లిష్ పరీక్ష హైదరాబాద్‌లోనే పాసయ్యాం కదా, మళ్లీ ఎందుకంట?"

తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడడం నేర్పడం నా పని. నా దగ్గరికి కొత్తగా వచ్చే తెలుగు జంటలు అడిగే మొదటి ప్రశ్న ఇది. అడిగేది దాదాపు ఎప్పుడూ ఆయనే. పాసైంది ఆవిడ. ఆవిడేమో ఒళ్లో ఫైలు పెట్టుకుని పక్కన కూర్చుంటుంది. అందులో ఎ1 సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంటుంది. దాని పని ఆమె ఈ దేశంలో అడుగుపెట్టడంతోనే అయిపోయిందని ఆ రోజు నేను చెబితే గానీ చాలామందికి తెలియదు.

బ్రిటిష్ పౌరులనో, ఇక్కడ శాశ్వత నివాసం వచ్చినవాళ్లనో పెళ్లాడి వచ్చేవాళ్లకు మొదట 33 నెలల స్పౌజ్ వీసా ఇస్తారు. అది ముగిసేలోగా ఇంకో రెండున్నరేళ్లకు పొడిగించుకోవాలి. అయిదేళ్లు నిండాక శాశ్వత నివాసానికి, అంటే ఐ.ఎల్.ఆర్.కి అప్లై చేసుకోవచ్చు. ఈ మూడు మెట్లకీ మూడు స్థాయిల ఇంగ్లిష్ అడుగుతారు. రావడానికి ఎ1, పొడిగింపుకి ఎ2, శాశ్వత నివాసానికి బి1తో పాటు 'లైఫ్ ఇన్ ది యూకే' పరీక్ష. పెళ్లి వీసాకి ఎ1 నియమం 2010 నవంబరు 29న వచ్చింది. మధ్యలో ఉన్న ఎ2 మెట్టు మాత్రం 2017 మే 1 నుంచే ఉంది. అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ 2016 జనవరిలో ఆ మాట ప్రకటించిన వారమంతా మా క్లాసులో అదే చర్చ. పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులు "ఫెయిలైతే పంపించేస్తారా మేడం?" అని అడిగారు.

ఉద్యోగ వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు భార్య డిపెండెంట్‌గా వస్తుంది. ఆమె దారి వేరు, స్పౌజ్ వీసా మీద వచ్చినామె దారి వేరు. గుళ్లో కలిసిన స్నేహితురాలు "నన్నెవరూ ఏ పరీక్షా అడగలేదే" అంటే నమ్మి ఊరుకున్నవాళ్లను నేను చూశాను. వీసా సంగతులు పక్కింటి అనుభవంతో తేల్చుకునేవి కావు. ఎవరి కాగితాలు వాళ్లే చదువుకోవాలి.

పరీక్ష అక్కర్లేని వాళ్లూ ఉన్నారు. 65 ఏళ్లు నిండినవాళ్లకు, పరీక్షకు కూర్చోలేనంత జబ్బో వైకల్యమో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన డిగ్రీ ఉన్నా సరిపోతుంది. అయితే మన డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమనీ, చదువు ఇంగ్లిష్‌లోనే సాగిందనీ ఎక్టిస్ అనే సంస్థ ధ్రువీకరించాలి. దానికి యూనివర్సిటీ నుంచి మీడియం సర్టిఫికెట్ కావాలి. కాకినాడలోనో హైదరాబాద్‌లోనో బి.టెక్. చేసినవాళ్లు బయల్దేరే ముందే ఆ కాగితం తీసుకుని పెట్టెలో పెట్టుకుంటే ఇంగ్లిష్ పరీక్ష ఊసే ఉండదు. ఇక్కడికొచ్చాక దానికోసం నాన్నగారిని యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ తిప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. తెలుగు మీడియంలో ఎం.ఏ. చేసిన టీచరమ్మ ఎంత చదువుకున్నా సరే, పరీక్ష ఇవ్వాల్సిందే.

పొరపాట్లు జరిగేది ఎక్కువగా ఏ పరీక్ష అన్న దగ్గర. వీసాలు చూసే హోమ్ ఆఫీస్ ఒప్పుకునేది తాను ఆమోదించిన సంస్థలు, ఆమోదించిన సెంటర్లలో పెట్టే పరీక్షలనే. మామూలు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. చెల్లదు. 'ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఫర్ యూకేవీఐ' గానీ, 'ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లైఫ్ స్కిల్స్' గానీ అయి ఉండాలి. ఇక్కడి కాలేజీలో ఏడాదంతా కూర్చుని తెచ్చుకున్న ఈసాల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు నేర్పే కోర్సు) సర్టిఫికెట్ కూడా వీసాకి పనికిరాదు. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, పరుగున కాలేజీకి వెళ్లి, శ్రద్ధగా సంపాదించుకున్న ఆ సర్టిఫికెట్ చెల్లదని చెప్పినప్పుడు ఒక గుంటూరు అమ్మాయి ముఖం వాడిపోయింది. ఆ చదువు వృథా కాలేదు, దాని బలంతోనే తర్వాత పరీక్ష సునాయాసంగా పాసైంది. కానీ ఆ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇంటిపేరు సంగతి మనవాళ్లకు ప్రత్యేకం. చాలా తెలుగు పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. పరీక్ష బుక్ చేసే ఫారం ఇంటిపేరు లేనిదే ముందుకు కదలకపోతే భర్త ఇంటిపేరు వేసేవాళ్లున్నారు. అలా చేయొద్దు. సర్టిఫికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. అనుమానం ఉంటే డబ్బు కట్టకముందే సెంటరుకి ఫోన్ చేసి అడగండి.

ఇక పరీక్ష. ఎ2కి నా దగ్గర ఎక్కువమంది ఎంచుకునేది ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల జి.ఇ.ఎస్.ఇ. గ్రేడ్ 3. చదవడం లేదు, రాయడం లేదు. ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని ఏడు నిమిషాలు మాట్లాడాలి. ఉద్యోగాలు, ఇల్లు, మన చుట్టుపక్కల ప్రాంతం, వాతావరణం, తీరిక వేళలు, తేదీలు, టైము - ఇవే విషయాలు. బస్టాపుకి దారి చెప్పగలగాలి. ఏం చేయగలరో, ఏం చేయలేరో చెప్పాలి. నిన్న ఎక్కడున్నారో చెప్పాలి. బొమ్మ చూపిస్తే అందులోవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పాలి. ఎగ్జామినర్‌ని కూడా ఒకటో రెండో చిన్న ప్రశ్నలు అడగాలి.

లైఫ్ స్కిల్స్ పరీక్ష పద్ధతి వేరు. అందులో ఇద్దరు అభ్యర్థుల్ని కలిపి కూర్చోబెడతారు. పక్కనున్నవాళ్లు చెప్పింది విని వాళ్లను ప్రశ్నలడగాలి, ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ఆలోచించుకుని తేల్చాలి. పరాయి మగమనిషితో జత పడితే నోరు పెగలని ఆడవాళ్లకు నేను ట్రినిటీయే మంచిదని చెబుతాను. నలుగురిలో కలిసిపోయేవాళ్లకు రెండూ ఒకటే.

ఏడు నిమిషాల్లో అడిగేదంతా మూడో తరగతి పిల్లలకు తెలిసిన విషయాలే. మరి ఇంటర్ చదివిన మనిషి అక్కడ ఎందుకు తడబడుతుంది? ఇన్నేళ్ల పనిలో నేను తెలుసుకున్నది ఇదే: రెండున్నరేళ్లుగా ఆమె తరఫున ఇంకొకరు మాట్లాడుతున్నారు. ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్ నార్త్‌లో కరివేపాకు కావాలన్నా, గోంగూర కావాలన్నా, మహాలక్ష్మి గుడిలో అర్చన చేయించుకోవాలన్నా ఇంగ్లిష్ ముక్క అవసరం లేదు. తెలుగో తమిళమో హిందీయో చాలు. డాక్టరు అపాయింట్‌మెంటుకి ఆయన ఫోన్ చేస్తాడు. బడి నుంచి మెసేజీలు ఆయన ఫోనుకే వస్తాయి. గ్యాసు బిల్లు, కౌన్సిల్ ఉత్తరం, బాబు టీకాలు, అన్నీ ఆయనే. అదంతా ప్రేమతోనే చేస్తాడు, అందులో సందేహం లేదు. పరీక్ష గదిలోకి మాత్రం ఆయన్ని రానివ్వరు.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒకావిడ మొదటి రోజే నాతో అంది: "అన్నీ సమజైతయి మేడం, నోరే రాదు." ఆమె భర్త యూట్యూబ్‌లో వెతికి యాభై ప్రశ్నలు, యాభై జవాబులు ప్రింట్ తీయించి ఇచ్చాడు. వాటిని బట్టీపట్టి వచ్చింది. నేను "నిన్న వాతావరణం ఎలా ఉంది?" అని ఇంగ్లిష్‌లో అడిగితే, ఇంగ్లండ్‌లో నాలుగు రుతువులుంటాయి, నాకు వేసవి అంటే ఇష్టం అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. మధ్యలో ఆపి "నిన్న?" అన్నాను. ఆగిపోయింది. ఎగ్జామినర్లు చేసేదీ సరిగ్గా ఇదే. బట్టీ వాసన తగిలితే ప్రశ్న మారుస్తారు.

ఆ కాగితాలు తీసుకుని పక్కన పెట్టేశాను. మా క్లాసులో ఒక ఆట ఉంది. ఇద్దరు ఒకరికొకరు వీపులు ఆనించి కూర్చుంటారు. ముఖం కనిపించదు, పెదాలు కనిపించవు, ఫోన్లో మాట్లాడినట్టే. ఒకరు డాక్టరు రిసెప్షనిస్టు, ఇంకొకరు అపాయింట్‌మెంటు మార్చమని అడిగే తల్లి. రిసెప్షనిస్టుగా కూర్చున్న సోమాలీ ఆవిడ "పదమూడో తేదీ" అంది. మన కరీంనగర్ ఆవిడకు అది ముప్ఫయ్యో తేదీలా వినబడింది, రాసుకుంది. ఎదురెదురుగా తిరిగి కాగితాలు చూసుకుంటే రెండు తేదీలు. పదమూడు, ముప్ఫై దగ్గర ఇంగ్లిష్‌లో తికమకపడనివాళ్లు అరుదు. "మళ్లీ చెప్పండి, ఒకటీ మూడా, మూడూ సున్నానా?" అని అడగడం ఆ రోజు నేర్పాను. గ్రేడ్ 3లో నెల తేదీలు ఎలాగూ ఉన్నాయి. కానీ నాకు అంతకన్నా ముఖ్యం, అర్థం కానప్పుడు తలూపి ఊరుకోకుండా మళ్లీ అడగడం.

తర్వాతి వారానికి ఆమెకో పని పెట్టాను: బాబు టీకా అపాయింట్‌మెంటుకి స్వయంగా ఫోన్ చేయాలి. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి క్లినిక్కు లైన్లు తెరుచుకుంటాయి, క్యూలో ఉండాలి. భర్త పక్క గదిలో కూర్చున్నాడట. మధ్యలో రెండుసార్లు లేచి వచ్చాడట, చేత్తోనే వెళ్లమందట. తేదీ, టైము రాసుకున్న కాగితం క్లాసుకి తెచ్చి చూపించింది. తేదీ పక్కన పదమూడు అని అంకెల్లోనూ రాసింది, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాసింది. పరీక్షకి ఆమె సిద్ధమైందని నాకు ఆ కాగితం చూశాకే నమ్మకం కలిగింది.

భార్యల సంగతే చెబుతున్నాను గానీ భర్తలూ వస్తారు. ఇక్కడ పుట్టి పెరిగిన అమ్మాయిని చేసుకుని వచ్చిన విజయవాడ కుర్రాళ్లు గోడౌన్లలో రాత్రి షిఫ్టులు చేసి, నిద్ర కళ్లతో క్లాసులో కూర్చుంటారు. వాళ్లకు భాష వస్తుంది, టైమే దొరకదు.

ఈ నియమాలు న్యాయమేనా అని అడిగేవాళ్లకు నా మాట సూటిగా చెబుతాను. ఎ2 పెద్ద బరువు కాదు. ఆ మాత్రం ఇంగ్లిష్ రావడం ఆ మనిషికే మేలు. కానీ భార్యాభర్తలు కలిసి ఉండడాన్ని ఒక పరీక్ష మీద ఆధారపడేలా చేసినప్పుడు, నిజంగా నేర్చుకోలేని వాళ్ల మీద ప్రభుత్వం దయ చూపాలి. 2015 నవంబరులో ఇక్కడి సుప్రీం కోర్టు విదేశంలో ఇవ్వాల్సిన ఎ1 పరీక్ష నియమం చెల్లుతుందంటూనే, మినహాయింపుల మార్గదర్శకాలు కొందరి హక్కులకు భంగం కలిగించవచ్చని కూడా అంది. అయినా మెట్లు పెరిగే సూచనలే కనిపిస్తున్నాయి. 2025 మేలో ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం శాశ్వత నివాసానికి బి1 బదులు బి2 ఉండాలంది. డిపెండెంట్లకూ ఇంగ్లిష్ నియమం పెడతామంది. అందుకే అప్లై చేసే రోజున గవర్నమెంటు వెబ్‌సైటులో నియమం ఎలా ఉందో చూసుకోవాలి.

ఇంకో సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఇంట్లో హింస భరిస్తున్న ఆడవాళ్లు "పరీక్ష పాసవ్వలేవు, వీసా క్యాన్సిల్ చేయిస్తా" అన్న బెదిరింపుకి లొంగి ఉండిపోవడం నేను చూశాను. స్పౌజ్ వీసా మీద ఉండి గృహహింస వల్ల కాపురం విరిగినవాళ్లు ఈ భాషా పరీక్ష లేకుండానే శాశ్వత నివాసానికి అప్లై చేసుకునే ప్రత్యేక దారి చట్టంలో ఉంది. ఈ వాక్యం చదివినవాళ్లు అవసరమున్న ఒక్కరికైనా చెప్పండి.

మిగిలిన కుటుంబాలకు నా మనవి. గడువు తేదీకి ఆరు నెలల ముందే పరీక్ష బుక్ చేయండి. ఒకసారి తప్పినా మళ్లీ ఇవ్వడానికి టైముంటుంది. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. వీలైతే ఎ2 బదులు నేరుగా బి1 ఇవ్వండి. ట్రినిటీలో అది గ్రేడ్ 5, పది నిమిషాలు. పొడిగింపులో ఒప్పుకున్న బి1ని తర్వాత శాశ్వత నివాసానికీ చూపించుకోవచ్చు, స్థాయి పెంచితే మాత్రం మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. గడువు దాటకుండా అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత వీసా హక్కులు కొనసాగుతాయి, కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొద్దు. తిరస్కరిస్తే అప్లికేషన్ ఫీజు వెనక్కి రాదు. రెండున్నరేళ్లకు హెల్త్ సర్‌చార్జే 2,587 పౌండ్ల 50 పెన్స్ కట్టే ఇంట్లో ఆ నష్టం చిన్నది కాదు. శాశ్వత నివాసానికి అయిదేళ్ల దారి తప్పి పదేళ్ల దారిలో పడినవాళ్లూ ఉన్నారు.

భర్తలకు ఇంకో మాట. బడి ఆఫీసులో, క్లినిక్కులో, బస్సులో ఆమె మాట కోసం వెతుక్కుంటుంటే దయచేసి అందించకండి. నాలుగు క్షణాలు ఆగండి. ఆమెను క్లాసులో దింపి వెళ్లండి. ఇంటికి వచ్చాక రేపటి ఫోన్ కాల్ ఆమెతోనే చేయించండి.