మైళ్ళ చిట్టా

డల్లాసులో మావారు సొంత కారుతో బాడుగలు తిప్పుతారంటే ఊళ్ళో మా అత్తయ్యగారు ఇప్పటికీ నమ్మరు. "కంపెనీ ఉద్యోగం కాదుటే అమ్మాయ్?" అంటారు. కాదు. సెల్‌ఫోనులో కబురు రావడం, ఈయన వెళ్ళి ఎక్కించుకోవడం, అంతే. జీతం కాదు గనుక ముందుగా పన్ను పట్టుకునేవారు లేరు. ఏడాది లెక్క మేమే ఒప్పజెప్పాలి. ఆ లెక్క నా పాలబడింది.

ఇలా స్వయంగా సంపాదించుకునేవారికి మామూలు ఆదాయపు పన్ను కాక, నికరాదాయం మీద నూటికి పదిహేను దాకా మరో పన్ను ఉంది. అందుచేత కారు ఖర్చు ఎంత చూపగలమన్నదే మాకు ప్రాణం. దానికి రెండు దారులు. పెట్రోలు, బీమా, టైర్లు, మరమ్మతులు, అరుగుదల అన్నీ కూడి, బాడుగకు తిరిగినంత వాటా తీసుకోవడం ఒకటి. మైలుకింత అని సర్కారువారు కట్టిన రేటు తీసుకోవడం రెండోది. 2024లో అది 67 సెంట్లు, 2025లో 70. 2024లో మా కారు తిరిగింది 25,000 మైళ్ళు, అందులో బాడుగకు 20,000. మొదటి దారిన 6,240 డాలర్లు తేలింది, రెండో దారిన 13,400! ఇంక ఆలోచనేమిటి?

అయితే మైలుకి సాక్ష్యం కావాలి. తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్ళు అన్నది ఎప్పటికప్పుడు రాసి ఉండాలి. వంటింట్లో క్యాలెండరు పక్కన మేకుకి ఆ చిట్టా వేలాడుతూ ఉంటుంది. ఒక రాత్రి మావారు వస్తూనే, "ఈ పదకొండు మైళ్ళూ వేసెయ్యి" అన్నారు.

"ఎవరిని ఎక్కించుకున్నారేమిటి?"

"కరివేపాకుని."

నేను వెయ్యలేదు. రెండు రోజులు మాటల్లేవు. పదకొండు మైళ్ళంటే 7 డాలర్ల 37 సెంట్లు. అందుకోసం ఇరవై వేల మైళ్ళ చిట్టాకి అనుమానం అంటించుకుంటామా, మీరే చెప్పండి.

నా బెంగ వేరే ఉంది. ఆ 67 సెంట్లలో కారు అరుగుదల కూడా కలిసే ఉంది. పన్ను తగ్గిందని ఆయన సంబరం, కారు అరిగిందని నా దిగులు. పైగా నికరాదాయం తగ్గినకొద్దీ రేపు ముసలితనంలో వచ్చే పింఛను లెక్కా తగ్గుతుంది. ఈ మాట సంబరపడేవారెవరూ ఎత్తరు! అందుకని మైలుకి పది సెంట్ల చొప్పున వేరే ఖాతాలో వెయ్యమన్నాను.

"ఇంట్లో కూడా పన్ను మొదలెట్టావూ?" అన్నారాయన. అన్నారే గాని, మొదటి నెల 160 డాలర్లు వేశారు. అవి టైర్లకి అయిపోయాయి. రెండో నెల కోసం చూస్తున్నాను.